ఫైబర్ బోటు కొనబోతున్న అల్లుడికి

ఒరే అల్లుడూ,

భావనపాడులో సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు బేరం ఆడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ గుజరాత్‌లోని వెరావల్‌లో ఇంకొకడి బోటు మీద కూలికి వేట చేసినవాడివి, ఇప్పుడు సొంత బోటు అంటున్నావంటే మీసం మెలేశాను, అబద్ధమెందుకు. కానీ వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు చూసి అడ్వాన్సు కొట్టేశావని కూడా చెప్పింది. ఆ మాట విన్నాక ముద్ద దిగలేదు. ఎంత కొట్టావో అడిగితే మీ అమ్మ ఫోన్ పెట్టేసింది.

కాగితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజిన్ నంబరు సరిచూసుకుని నీ పేరుకి మార్పించుకో. లేకపోతే రేపు సబ్సిడీ గానీ, వేట నిషేధం భృతి గానీ అడిగే దారి ఉండదు. లైఫ్ జాకెట్లు ఎక్కేవాళ్లందరికీ ఉండాలి, వల కింద తలగడగా కాదు.

ఇక అసలు విషయం. ఫైబర్ కుళ్లదు, చెద పట్టదు అంటారు, నిజమే. కుళ్లేది లోపలి చెక్క. ఇంజిన్ బిగించే వెనక పలక చాలా బోట్లలో పైకి ఫైబరే, లోపల మాత్రం ప్లైవుడ్. బోల్టుల రంధ్రాల్లోంచి నీరు దూరి అది నాని నాని పిప్పయిపోతుంది. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది.

మీ నాన్న ఇది నీతో ఎప్పుడూ అని ఉండడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టిపోయాక మన ఒడ్డున విరిగిన బోట్లు అన్నీ ఇన్నీ కావు. కొన్నిటికి అతుకులేసి, రంగులు పూసి అమ్మేశారు. బావ కొన్నది అలాంటిదే. రెండు రోజులు ఆగు బావా, నేనొచ్చి చూస్తాను అన్నాను. మంచి రోజు దాటిపోతుందట! నీలం రంగు, ముక్కు మీద పసుపు చార, చూడ్డానికి కొత్త బోటే. కొన్ని నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు ఒడ్డు కనపడనంత దూరంలో, కెరటం మీద ఇంజిన్ గట్టిగా లాగేసరికి పలక సగం చీరుకుని ఇంజిన్‌తో సహా నీళ్లలోకి పోయింది. వెనక నుంచి నీరు ఎక్కేస్తుంటే ముగ్గురూ ముక్కు వైపు చేరి, ఐస్ డబ్బాతో తోడుకుంటూ సాయంత్రం దాకా గాలికి కొట్టుకుపోయారు. పక్క ఊరి బోటువాళ్లు చూసి తాడేసి లాక్కొచ్చారు. మిగిలిన పలకని నేనే విప్పాను. లోపలి చెక్కని గిల్లితే తడిసిన అటుకుల్లా వేళ్లకి వచ్చేసింది. బావ పక్కనే నిలబడి చూస్తున్నాడు, నేనేమీ అనలేకపోయాను. ఆ ఇంజిన్ అప్పు తీరక నువ్వు ఇంటర్ మధ్యలో వదిలేసి వెరావల్ రైలెక్కావు. నీకు మాత్రం చేపలు పడటం లేదని చెప్పాడు, అవునా? ఇప్పుడు వెళ్లి ఆయన్ని అడక్కు.

కాబట్టి రూపాయి బిళ్ల తీసుకుని పలకంతా కొట్టి చూడు. టకటకమని గట్టిగా పలికితే సరే. మందంగా, చచ్చిన చప్పుడు వచ్చిందంటే అక్కడ చెక్క పోయినట్టు, లేదా పొరలు విడిపోయినట్టు. నీళ్లలోకి దిగే ఇంజిన్ కాలు పట్టుకుని పైకీ కిందకీ ఊపు, పలక ఆడకూడదు. ఒక బోల్టు విప్పించు. అమ్మేవాడు గొణుగుతాడు, గొణగనీ. రంధ్రంలోంచి గోధుమరంగు నీరు కారితే అడ్వాన్సు పోయినా సరే లేచి వచ్చేయ్.

కొన్నాక ఏటా ఆ బోల్టులు విప్పి, రంధ్రాలు ఆరబెట్టి, మళ్లీ సీలు చెయ్యి. వేట నుంచి రాగానే ఇంజిన్‌ని మంచినీళ్లతో ఆడించు. మనం బోటుని ఇసకలో లాగేవాళ్లం కదా, అడుగు అరిగి గాజు పీచు బయటపడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట ఉండదు, ఆ అతుకుల పని అప్పుడు పెట్టుకో. ఉప్పు పోయేలా కడిగి, బాగా ఎండనిచ్చి, పగులు చుట్టూ వెడల్పుగా గీకాకే గాజు పీచు మ్యాట్ పరిచి రెజిన్ జిగురు వెయ్యి. కిలో రెజిన్‌కి దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 10 నుంచి 20 గ్రాములు చాలు, ఎండ మండుతుంటే ఇంకా తక్కువ వైపుకే ఉండాలి. త్వరగా గట్టిపడాలని నీలాంటి తొందరగాళ్లు ఎక్కువ పోస్తారు. మగ్గులోనే పొగలు లేస్తాయి, అతుకు పెళుసై పగులుతుంది. అతుకు పోతే మళ్లీ వేస్తాం, ఆ హార్డెనర్ కంట్లో పడితే మాత్రం చూపే పోతుంది నాయనా, కళ్లని పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు లేకుండా డబ్బా మూత తియ్యకు. గీకేటప్పుడు మాస్కు కట్టుకో. ఫోన్‌లో నా దగ్గు వింటూనే ఉన్నావుగా.

ఆదివారం కళింగపట్నం వచ్చి నన్ను ఎక్కించుకో, ఇద్దరం కలిసి వెళ్దాం. అమ్మేవాడికి మాత్రం వస్తున్నామని చెప్పకు, చెబితే శనివారమే ఇంకో కోటు రంగు పడిపోతుంది.

మీ మావయ్య