ఆరుద్ర పురుగు సంక్రాంతికి రాదు

తమ్ముడూ,

కథ అందింది, చదివాను. మనవడు అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగును తెచ్చి తాత అరచేతిలో వదిలే చోటు బాగా కుదిరింది. వేలు తగలగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉండటం, కాసేపాగి మెల్లగా కదలటం, ఆ ఎర్రటి మఖమల్ నునుపు... చూసినవాడివి కాబట్టే రాయగలిగావు. కానీ అదే పేజీలో భోగిమంటా, గొబ్బెమ్మలూనా? పుష్యమాసంలో ఆ పురుగు ఎక్కడ దొరికిందయ్యా వాడికి!

దాని రాకడ ఎప్పుడో దాని పేరే చెబుతుంది. సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ఉండే రోజులు, అంటే జూన్ 22 ప్రాంతం నుంచి రెండు వారాలు, రైతుల లెక్కలో ఆరుద్ర కార్తె. ఆర్ద్రం అంటే తడిసినది. తొలకరికి నేల నానాక ఇవి మట్టిలోంచి పైకొస్తాయి. 'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు' అనుకునే ఊళ్ళలో, ఆ వాన వెంటే వచ్చే పురుక్కి ఆ కార్తె పేరే దక్కింది. ముందుగా వానలు పడిన ఏడు మృగశిరలోనే కనబడొచ్చు, అయినా పేరు మారదు.

సంస్కృతంలో ఇది ఇంద్రగోపం. వానదేవుడు ఇంద్రుడే రక్షకుడుగా గలది అని వ్యుత్పత్తి చెబుతారు. చిత్రం చూడు, కంటికి కొట్టొచ్చే ఆ ఎరుపు రెండు పేర్లలోనూ లేదు, వానే ఉంది. ఎరుపు సంగతి కాళిదాసు చూసుకున్నాడు. 'విక్రమోర్వశీయం' నాలుగో అంకంలో ఊర్వశి కోసం అడవిలో వెతుకుతున్న పురూరవుడికి చిలకపచ్చ పైట కనిపిస్తుంది, దాని మీద పెదవుల రంగు కలిసిన కన్నీటి చుక్కలు. దగ్గరికెళితే అది లేత పచ్చిక, ఆ చుక్కలు ఇంద్రగోపాలు.

ఇదంతా కథలోకి ఎక్కించమని కాదు. తాత చేత వ్యుత్పత్తి చెప్పించావా, కథ కాస్తా పాఠమవుతుంది. పురుగును చూసి ఆయన 'ఆరుద్ర వచ్చేసిందిరా, గొర్రు కట్టండి' అంటే చాలు. సంక్రాంతి ఘట్టం తీసెయ్, లేదా పురుగునైనా తీసెయ్. నేనైతే సంక్రాంతినే వదులుకుంటాను.

ఇంకోటి. కాళ్ళు ఆరు అని రాశావు. పెద్ద పురుక్కి ఎనిమిది ఉంటాయి. వాడుకలో పురుగు అంటున్నాం గానీ ఇది నల్లి (మైట్) జాతిది, మంచంలో నల్లి కాదు, సాలీడుకి చుట్టం. మనవడు ఆరని లెక్కపెడితే ఉండనీ, పిల్లాడు. ఆ మాట నువ్వు కథకుడిగా అన్నావు, అక్కడ దిద్దు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య