కీర శాండ్‌విచ్ సాయంత్రం దాకా ఆగాలంటే

ప్రశ్న: మే నెలలో మా పాప పుట్టినరోజు. ఇంటికి 25 మంది దాకా వస్తారు. పోయినేడాది కీర, క్రీమ్ చీజ్ శాండ్‌విచ్‌లు పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి బ్రెడ్ తడిసి ముద్దయింది. మా అత్తమ్మేమో "ఆ సల్లటి రొట్టె ఎవరు తింటరు, సర్వపిండి చెయ్యి" అంటోంది. క్రీమ్ చీజ్ కూడా ఖరీదే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పు ఫ్రిజ్‌ది కాదు, కీరది. అందులో 95 శాతం దాకా నీళ్లే. ఎండాకాలం బండి మీద కీర కోసి ఉప్పు కారం చల్లి ఇస్తారు చూడండి, నాలుగు ముక్కలు తినేసరికి కాగితం తడిసిపోతుంది, ఆ పనే మీ బ్రెడ్ మధ్యలో జరిగింది. కాబట్టి ఆ నీళ్లేవో ముందే తీసేయాలి. చెక్కు తీసి, కొసలు రుచి చూసి (చేదుంటే మొత్తం కాయ పక్కన పెట్టేయండి, మొహమాటం వద్దు), పల్చటి చక్రాలుగా కోసి, కొద్దిగా ఉప్పు చల్లి, జల్లెడలో 20 నిమిషాలు వదిలేసి, తర్వాత పొడి బట్ట మీద పరిచి అద్దండి. లేత కాయలే కొనండి, ముదిరినవైతే గింజల భాగం తీసేయాల్సిందే. పప్పులో వేసే పసుపు దోసకాయ దీనికి పనికిరాదు.

రెండోది వెన్న. స్లైసులకు లోపలి వైపు అంచుల దాకా పల్చగా రాస్తే తడి బ్రెడ్‌లోకి తొందరగా దిగదు. చాలామంది క్రీమ్ చీజ్ ఉందిగా అని దీన్ని వదిలేస్తారు, నేనూ వదిలేసి ఒకసారి అనుభవించాను.

క్రీమ్ చీజ్ బదులు చిక్కటి, పులవని పెరుగు బట్టలో కట్టి, గిన్నె మీద జల్లెడ పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంచండి. మే ఎండల్లో బయట వేలాడదీస్తే పుల్లగా అయిపోతుంది. కిలో పెరుగుకు సుమారు సగం వస్తుంది. అచ్చం అదే రుచి అనను గానీ, మిరియాల పొడి, సన్నగా తరిగిన సోయకూర కలిపితే పిల్లలు తేడా పట్టరు. సోయకూర దొరకకపోతే పుదీనా. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేయండి, కీరకు ఇప్పటికే పట్టి ఉంటుంది.

లెక్క: 20 శాండ్‌విచ్‌లకు 40 స్లైసులు, పెరుగు ముద్ద 400 గ్రాములు, కీరలు 4 లేదా 5. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేస్తే 80 వస్తాయి, వేరే తినుబండారాలు కూడా ఉంటాయి కాబట్టి సరిపోతాయి.

పార్టీ ఆరింటికైతే నాలుగింటికి కీర కోయండి, నాలుగున్నరకు పేర్చండి, గట్టిగా పిండిన తడి బట్ట కప్పి డబ్బాలో మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. అంచులు తీయడం, ముక్కలు కోయడం వడ్డించే ముందే, లేదంటే కోసిన వైపు ఎండిపోతుంది. ఆ వేడికి బయట గంట కంటే ఎక్కువ ఉంచొద్దు, సగం ముందు పెట్టి మిగతా సగం తర్వాత తీయండి.

అత్తమ్మతో పేచీ ఎందుకు, సర్వపిండి ఆవిడనే చేయమనండి, వేడివేడిగా అదీ పెట్టండి. తీసేసిన బ్రెడ్ అంచులు పారేయకుండా మర్నాడు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపుతో ఉప్మా చేసేయొచ్చు.