ఈసీఈ అమ్మాయికి కోడింగా, చిప్పులా? రెండూ కావాలంటే దారి ఉంది

రాజమండ్రి నుంచి ఒక నాన్నగారు అడిగారు. వాళ్ళ అమ్మాయి ఈసీఈ థర్డ్ ఇయర్, సి లాంగ్వేజ్ అంటే ఇష్టం, ల్యాబ్‌లో బోర్డులంటే ఇంకా ఇష్టం. ఇంట్లో అందరూ జావా కోచింగ్‌కి హైదరాబాద్ పంపించమంటున్నారు, కాలేజీలో సార్ ఏమో హార్డ్‌వేరో సాఫ్ట్‌వేరో ఏదో ఒకటి తేల్చుకో అన్నారట. ఏం చెయ్యమంటారు అని.

సార్, ముందు ఒక మాట, తేల్చుకోనక్కర్లేదు. రెండూ కలిపి తెలిసినవాళ్ళే కావాల్సిన పని ఒకటుంది, చెప్పిన టైమ్‌కి కచ్చితంగా పనిచేసే చిప్పులు, వాటి ప్రోగ్రాములు కలిపి తయారుచేసే పని, దాని గురించి మన కాలేజీల్లో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు, నాకు బాధగా ఉంటుంది.

కారులో ఎయిర్‌బ్యాగ్ తీసుకోండి. కారు గుద్దుకున్నాక రెప్పపాటు లోపే అది తెరుచుకోవాలి. లోపలున్న చిప్ వందసార్లలో 99 సార్లు సూపర్ ఫాస్ట్‌గా పనిచేసి ఒక్కసారి లేటయితే ఆ ఫాస్ట్ ఎందుకు? అక్కడ సగటు స్పీడ్ ఎంత అని ఎవరూ అడగరు, ఎంత దరిద్రమైన పరిస్థితిలో అయినా ఎంత టైమ్ లోపు కచ్చితంగా అయిపోతుంది అని అడుగుతారు. దాన్నే వరస్ట్ కేస్ ఎగ్జిక్యూషన్ టైమ్ అంటారు. అమ్మాయి ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు, మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మామూలు ప్రాసెసర్‌లో క్యాష్ అని దగ్గర్లో ఒక చిన్న ఫాస్ట్ మెమరీ ఉంటుంది కదా, అది మన వంటింట్లో పోపులపెట్టె లాంటిది. కావాల్సింది అందులో ఉంటే చిటికెలో పని, లేకపోతే స్టూలు వేసుకుని అటక మీద డబ్బా దించాలి, ఈలోపు పొయ్యి మీద నూనె మాడిపోతుంది. పైగా పోపులపెట్టెలో ఏముండాలో ప్రోగ్రామ్ రాసినవాళ్ళు కాదు, హార్డ్‌వేరే అప్పటికప్పుడు తేలుస్తుంది. అందుకే టైమ్ ముఖ్యమైన చోట ఏది దగ్గరుండాలో ముందే సాఫ్ట్‌వేర్ తేల్చేలా చిప్‌ని కట్టుకుంటారు. గూగుల్ 2015 నుంచి తన డేటా సెంటర్లలో వాడిన మొదటి టీపీయూ (ఏఐ లెక్కల కోసమే చేసిన చిప్) ఇలాంటిదే, అందులో మామూలు క్యాష్ పెట్టలేదు, డేటా కోసం 24 ఎంబీ మెమరీ చిప్ మీదే పెట్టి అందులో ఏది ఎక్కడుండాలో సాఫ్ట్‌వేర్‌కి వదిలేశారు. జవాబు కోసం యూజర్ ఎదురుచూస్తుంటాడు కాబట్టి టైమ్ లెక్క తప్పకూడదు అనేది వాళ్ళ డిజైన్‌లోనే ఉంది. ఇలాంటిది చెయ్యాలంటే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ని చిప్ భాషలోకి మార్చేది) మనిషి, చిప్ మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, మీ అమ్మాయి కూర్చోవాల్సింది ఆ బల్ల దగ్గరే.

ఇప్పుడు ఏం చెయ్యాలి అంటే, కోచింగ్ ఫీజు పక్కన పెట్టి రెండు వేల లోపు ఖర్చు పెట్టండి. ఒక రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు, ఒక చీప్ లాజిక్ ఎనలైజర్ (సిగ్నల్ ఎప్పుడు మారిందో టైమ్‌తో సహా చూపించేది). ఒకే స్క్వేర్ వేవ్‌ని (సమానమైన టైమ్‌కి ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్) మూడు రకాలుగా తెప్పించమనండి. మొదట మైక్రోపైథాన్‌లో, తర్వాత సి లో టైమర్ ఇంటరప్ట్ (టైమ్ కాగానే ప్రాసెసర్‌ని ఆపి మన కోడ్ నడిపించేది) పెట్టి, చివర్లో ఆ చిప్‌లోనే ఉండే పీఐఓ అనే, ప్రాసెసర్‌తో పనిలేకుండా పిన్నుల్ని నడిపే చిన్న చిన్న స్టేట్ మెషీన్లతో, అవి 8 ఉంటాయి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి ఒక్కటే క్లాక్ సైకిల్. పక్కన ప్రాసెసర్‌కి ఇంకో పెద్ద పని కూడా అప్పజెప్పాలి, అప్పుడే అసలు రంగు బయటపడుతుంది. సి లో రాసిన ఇంటరప్ట్ కోడ్ మామూలుగా ఫ్లాష్‌లో (చిప్ బయటుండే నెమ్మది మెమరీ) ఉండి 16 కేబీ క్యాష్ ద్వారా వస్తుంది, అదే కోడ్‌ని ర్యామ్‌లోకి మార్చి మళ్ళీ కొలిస్తే తేడా కళ్ళకి కనబడుతుంది. అదే పోపులపెట్టె కథ. సగటు రాసుకోవద్దనండి, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఎంతో అదే రాసుకోవాలి.

చదవాల్సినవి కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, వెరిలాగ్ (చిప్ డిజైన్ రాసే భాష), ఒక ఆర్‌టీఓఎస్, అంటే టైమ్ తప్పకుండా పనులు నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ (ఫ్రీఆర్‌టీఓఎస్ చాలు). ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఫ్రీగానే ఉన్నాయి. 1997లో మార్స్ మీద దిగిన పాత్‌ఫైండర్ ఎందుకు మాటిమాటికీ రీసెట్ అయ్యిందో, ఆ ప్రయారిటీ ఇన్వర్షన్ (తక్కువ ముఖ్యమైన పని వల్ల ముఖ్యమైన పని ఆగిపోవడం) సంగతి తన సొంత మాటల్లో చెప్పగలిగేదాకా చదవాలి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్తా సార్. క్యాంపస్‌కి వచ్చి వందలమందిని తీసుకెళ్ళే కంపెనీలు ఈ లైన్‌లో ఉండవు, మొదటి ఉద్యోగం లేటవ్వొచ్చు, చాలామందికి ఎంటెక్ అవసరమవుతుంది. కానీ హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్ డిజైన్ సెంటర్లున్నాయి, బెంగళూరులో బాష్ లాంటి, కార్లకి భాగాలు, ఎలక్ట్రానిక్స్ చేసే కంపెనీలున్నాయి, డీఆర్‌డీఓ గేట్ స్కోర్ చూసి సైంటిస్ట్-బి పోస్టులకి పిలుస్తుంది, మిసైళ్ళ ఎలక్ట్రానిక్స్ చేసే డీఆర్‌డీఓ ల్యాబ్ ఆర్‌సీఐ కూడా హైదరాబాద్‌లోనే. కాబట్టి గేట్ ప్రిపరేషన్ ఇప్పుడే మొదలుపెడితే ఎంటెక్‌కీ, డీఆర్‌డీఓకీ రెండిటికీ పనికొస్తుంది. మూడు నెలల్లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) జాబ్ గ్యారంటీ అని లక్షలు అడిగేవాళ్ళ దగ్గరకి మాత్రం దయచేసి వెళ్ళకండి, టూల్ బటన్లు నేర్పి పంపించేస్తే ఇంటర్వ్యూలో ఎందుకు అన్న మొదటి ప్రశ్నకే పిల్లలు ఆగిపోతున్నారు.

నెల రోజులు టైమ్ ఇవ్వండి అమ్మాయికి. మూడు పద్ధతుల్లో వచ్చిన మ్యాక్సిమమ్ ఆలస్యాలు, ఒక్కోటి ఎందుకు అంత వచ్చిందో తను రాసుకున్న కారణం, ఈ రెండూ పట్టుకుని మళ్ళీ అడగండి, అప్పుడు ఎంటెక్ ఎక్కడ అనేది కూర్చుని మాట్లాడదాం.