కవలల్లో ఒక బిడ్డ చనిపోయింది, రెండో బిడ్డ మెదడుకు ఎంఆర్‌ఐ ఇప్పుడే తీయించాలా?

ప్రశ్న: నా భార్యకు 29వ వారం, కవలలు. వారం కిందటి స్కాన్‌లో ఒక బిడ్డ గుండె ఆగిపోయిందని చెప్పారు. రెండో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది కానీ మెదడు దెబ్బతిని ఉండొచ్చని, ఎంఆర్‌ఐలో తెలుస్తుందని అన్నారు. ఎంఆర్‌ఐతో బిడ్డకు హాని ఉంటుందా? వెంటనే ఆపరేషన్ చేయించడం మంచిదా? దిగులుతో ఆమెకు నాలుగు రోజులుగా తలనొప్పి, కాళ్లు వాచాయి. ఇంట్లో మెషిన్‌తో చూస్తే బీపీ 148/96. డైక్లోఫెనాక్ వేసుకుంటే నొప్పి తగ్గుతోంది.

జవాబు: బిడ్డను పోగొట్టుకున్న బాధలో రాశారని తెలుసు. అయినా ఎంఆర్‌ఐ సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన తలనొప్పి, వాపు, బీపీ నన్ను కంగారు పెడుతున్నాయి. 20 వారాలు దాటిన గర్భిణికి బీపీ 140/90 మించి, తలనొప్పి కూడా ఉంటే దాన్ని దిగులు ఖాతాలో వేయకూడదు. ప్రీ ఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి తల్లి అవయవాలను దెబ్బతీసే జబ్బు) కాదని పరీక్షల్లో తేలేదాకా అదేనన్నట్టు చూడాలి. కవలల గర్భంలో ఇది మరీ ఎక్కువగా వస్తుంది. ఇది చదవగానే ఆమెను కాన్పుల విభాగం, నవజాత శిశువుల ఐసీయూ రెండూ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. రేపటి ఓపీ దాకా ఆగొద్దు. బీపీ 160/110కి చేరినా, చూపు మసకబారినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, ఆయాసం ఉన్నా, బిడ్డ కదలికలు తగ్గినా అది ఎమర్జెన్సీయే. అక్కడ మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైములు, క్రియాటినిన్ చూస్తారు.

ఇక ఆ డైక్లోఫెనాక్. ఎవరు రాశారో మీరు చెప్పలేదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చారనే అనుకుంటున్నాను. దయచేసి ఆపేయండి. 20 వారాలు దాటాక ఈ జాతి మాత్రలు బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీటిని తగ్గించగలవు. 28 వారాల తర్వాత బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన డక్టస్ అనే నాళం ముందే ముడుచుకుపోవచ్చు. తల్లి బీపీని కూడా ఇవి పెంచగలవు. అన్నిటికన్నా నా కోపం ఎక్కడంటే, ప్రమాదాన్ని చెప్పడానికి వచ్చిన తలనొప్పిని నాలుగు రోజులు నొక్కిపెట్టారు. పారాసిటమాల్ అని కొన్న స్ట్రిప్‌లోనూ ఎసిక్లోఫెనాక్ గానీ ఐబుప్రొఫెన్ గానీ కలిసి ఉండొచ్చు, వెనక అచ్చువేసింది చదవండి. వేసుకున్న మాత్రలన్నీ డాక్టర్‌కు చూపించండి, తిడతారని దాచొద్దు. మీ డాక్టర్ తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాసి ఉంటే అది వేరే సంగతి, దాన్ని సొంతంగా మానేయకండి.

బిడ్డ మెదడు గురించే కదా మీ భయం, అందుకే ఈ తొందర. బీపీ వల్ల ముందే కాన్పు చేయాల్సి వస్తే బీటామెథసోన్ 12 మి.గ్రా. ఇంజెక్షన్లు 24 గంటల తేడాతో రెండు ఇస్తారు. వాటితో ఊపిరితిత్తులు సిద్ధమవుతాయి, మెదడులో రక్తస్రావం ముప్పూ తగ్గుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ తల్లికి ఫిట్స్ రాకుండా చూస్తుంది. 32 వారాల లోపు కాన్పయితే బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పే జబ్బు) ముప్పునూ తగ్గిస్తుంది. ఇవి పనిచేయడానికి గంటల వ్యవధి కావాలి. ఫిట్స్ వచ్చాక పరుగెత్తుకొస్తే ఆ వ్యవధి దొరకదు.

ఇప్పుడు మీ ప్రశ్న. అసలు రాయాల్సిన మాట రాయలేదు: కవలలకు మాయ ఒకటా, రెండా? 11-14 వారాల స్కాన్ రిపోర్టులో మోనోకోరియానిక్ (ఒకే మాయ) అనో డైకోరియానిక్ (రెండు మాయలు) అనో ఉంటుంది. రెండు మాయలైతే మెదడుకు ముప్పు చాలా తక్కువ. ఒకే మాయ అయితే ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఒక బిడ్డ గుండె ఆగినప్పుడు రెండో బిడ్డ రక్తం ఒక్కసారిగా అటు పారి, బీపీ పడిపోయి, మెదడుకు రక్తం అందదు. ఇలా బతికిన బిడ్డల్లో దాదాపు నాలుగో వంతు మందికి నాడీ ఎదుగుదలలో లోపం కనిపిస్తుంది. జరిగేది చాలావరకు ఆ కాసేపట్లోనే జరిగిపోతుంది కాబట్టి, తర్వాత హడావిడిగా ఆపరేషన్ చేసినా ఆ దెబ్బ పోదు, నెలలు నిండని కాన్పు కష్టాలు అదనంగా వస్తాయి. బీపీ కారణంగా కాన్పు చేయాలంటే మాత్రం అది వేరే లెక్క, అక్కడి డాక్టర్ల మాట వినండి.

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, గాడోలినియం రంగుమందు ఎక్కించకపోతే బిడ్డకు హాని జరిగినట్టు ఇప్పటిదాకా తేలలేదు. తొందరపడి తీయిస్తేనే చిక్కు. దెబ్బ తగిలిన మొదటి కొద్ది రోజుల్లో డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్‌ఐ చిత్రాల్లో కనిపించవచ్చు, ఆ తర్వాత కొన్నాళ్లు చిత్రం మామూలుగా ఉన్నట్టు మోసం చేస్తుంది. మెదడులో గుల్లలు పడటం, పొర పలచబడటం, వెంట్రికల్స్ (మెదడులో నీరుండే గదులు) వెడల్పవడం స్పష్టంగా తెలియాలంటే బిడ్డ చనిపోయిన నాటి నుంచి 3-4 వారాలు పట్టాలి. మీ లెక్కన 31-32 వారాలు. గుండె ఆగినట్టు చూసిన రోజూ, నిజంగా ఆగిన రోజూ ఒకటి కాకపోవచ్చు. అంతకుముందు అంతా బాగున్న చివరి స్కాన్ తేదీ కూడా చెప్పండి.

ఈలోగా అల్ట్రాసౌండే ఆధారం. బిడ్డ మెదడుకు రక్తం తీసుకెళ్లే మిడిల్ సెరిబ్రల్ ధమనిలో రక్తవేగం ఆ వారపు మధ్యస్థ విలువకు 1.5 రెట్లు దాటితే బిడ్డకు రక్తం తక్కువైందని అనుమానిస్తారు. వెంట్రికల్ వెడల్పు 10 మి.మీ. లోపు ఉండాలి, 15 దాటితే తీవ్రం. బిడ్డ తల కిందికి ఉంటే యోని మార్గంలో బిడ్డ మెదడుకు చేసే అల్ట్రాసౌండ్, అదే న్యూరోసోనోగ్రామ్‌లో చాలా వివరంగా కనిపిస్తుంది. కాల్షియం మచ్చలైతే ఎంఆర్‌ఐ కన్నా అల్ట్రాసౌండ్‌లోనే బాగా పడతాయి.

ఎంఆర్‌ఐ రాయించేటప్పుడు చీటీలో ‘గర్భస్థ శిశువు మెదడు’ అని స్పష్టంగా ఉండాలి, ఉత్త పొట్ట ఎంఆర్‌ఐ అని ఉంటే పనికిరాదు. వారాలు, తేదీలు, మాయల సంఖ్య, స్కాన్‌లో కనిపించినవి అందులో రాయాలి. రక్తస్రావాన్ని పట్టే చిత్రాలు, డిఫ్యూజన్ చిత్రాలు కూడా తీయమని అడగండి. అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది, ఎడమ పక్కకు కొంచెం ఒరిగి పడుకోవచ్చు. బిడ్డ కదిలితే కొన్ని చిత్రాలు చెడతాయి, మళ్లీ తీస్తారు. శిశువుల మెదడు చూసే అనుభవమున్న రేడియాలజిస్టే చదవాలి. రిపోర్టుతో పాటు చిత్రాల సీడీ కూడా తీసుకోండి.

మీ రిపోర్టులేవీ చూడకుండా రాస్తున్నాను, తుది మాట ఆమెను పరీక్షించిన డాక్టర్‌దే. ఎంఆర్‌ఐ మామూలుగా వచ్చినా పూర్తి భరోసా ఇవ్వలేం, చిన్న లోపాలు అందులో పడవు. పుట్టాక మొదటి రోజుల్లో తలకు అల్ట్రాసౌండ్, అవసరాన్ని బట్టి మళ్లీ ఎంఆర్‌ఐ, కనీసం రెండేళ్లు ఎదుగుదల పరీక్షలు ఉంటాయి. అవన్నీ తర్వాత. ముందు బీపీ.