ప్రేమ పుట్టకుండా సేవ చేస్తే వేషధారణేనా?

ప్రశ్న: మామగారు పోయాక మా అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. ఎనభై ఏళ్లు దగ్గర పడ్డాయి. నేను సంఘంలో స్త్రీల కూడిక నడిపిస్తాను, రోగుల కోసం ప్రార్థించడానికి వెళ్తుంటాను. ఇంట్లో మాత్రం ఆవిడ అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే కసురుకుంటాను. మాత్ర, నీళ్ల గ్లాసు టక్కున బల్ల మీద పెట్టి వచ్చేస్తాను. నా తొలి కాన్పప్పుడు ఆవిడ అన్న మాటలు ఇప్పటికీ మరిచిపోలేదు. మొన్న మావారు, ‘సంఘంలో కనిపించే మనిషి ఇంట్లో కనిపించదేం?’ అన్నారు. ప్రేమ ఇమ్మని ప్రార్థిస్తున్నాను, రావడం లేదు. మనసులో లేనిది చేతల్లో చూపిస్తే అది వేషధారణ కాదా?

జవాబు: కాదు సోదరీ. పదిమంది చూడాలని చేస్తే వేషధారణ. చూసేవారు ఎవరూ లేని గదిలో, ఇష్టం లేకపోయినా ఒక పెద్దావిడ దుప్పటి సరిచేయడంలో ఎవరిని మోసం చేస్తున్నట్టు?

ముందు ప్రేమ పుట్టాలి, ఆ తర్వాతే పని చేయాలి అనుకుంటున్నారు. అక్కడే చిక్కుపడ్డారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం మీ కూడికల్లో ఎన్నోసార్లు చదివే ఉంటారు. సహించడం, దయ చూపడం, మర్యాద తప్పకపోవడం, త్వరగా కోపపడకపోవడం: పౌలు చెప్పినవన్నీ దాదాపు నడవడికే. అవతలి మనిషి మనకు నచ్చి ఉండాలన్న షరతు అందులో ఎక్కడా లేదు. యేసు శిష్యుల పాదాలు కడిగిన రాత్రి, ఆయనను శత్రువులకు అప్పగించబోయే యూదా కూడా అక్కడే ఉన్నాడు. అతడు లేచి బయటికి వెళ్లింది ఆ తర్వాతే.

మీ ఉత్తరంలో ఆ నీళ్ల గ్లాసు సంగతి నేను మళ్లీ చదివాను. మందు వేళకు అందుతోంది, లోటేమీ లేదు. కానీ ఆ టక్కుమన్న చప్పుడే ఆవిడకు రోజూ మీ నుంచి అందే మాట. ప్రస్తుతానికి అదొక్కటే మార్చండి. గ్లాసు చేతికి అందించండి. ఆవిడ మాత్ర మింగి, గ్లాసు తిరిగి ఇచ్చేదాకా మంచం పక్కన కూర్చోండి. మాట్లాడటానికి ఏమీ లేకపోతే ఊరుకోండి. కూర్చోవడం చాలు. అది అలవాటయ్యాక రెండో పని సంగతి చూద్దాం. రేపటి నుంచి పూర్తిగా మారిపోతానని తీర్మానాలు మాత్రం చేసుకోకండి. అవి ఆదివారం మొదలై మంగళవారానికి ఆగిపోతాయి.

అడిగిందే అడగడం మొండితనం కాకపోవచ్చు. జ్ఞాపకశక్తి తగ్గుతుండవచ్చు, వినికిడి మందగించి ఉండవచ్చు. థైరాయిడ్ లోపం, బీ12 విటమిన్ లోపం వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది. అందుకే ముందు డాక్టరుకు చూపించండి. వయసు పైబడినవారికి సాధారణంగా సన్నని, కీచు శబ్దాలు ముందుగా వినపడకుండా పోతాయి. గొంతు పెంచి అరిస్తే మాట తెలియదు, కోపం మాత్రం తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, కీచుగా కాకుండా కాస్త లోతైన గొంతుతో నిదానంగా చెప్పి చూడండి.

ఇక ఆ పాత మాటలు. బాధ కలగలేదని మీరు నటించనక్కర్లేదు. క్షమించడమంటే, ఆ బాకీని ఇవాళ్టి పనిలో వసూలు చేయకపోవడం. ఆవిడను కూర్చోబెట్టి నిలదీయాలని మాత్రం అనుకోకండి. ఆవిడకు ఆ సంగతి గుర్తే లేకపోతే మీకు రెండో గాయం మిగులుతుంది. కడుపులో ఉన్నదంతా మీ పాస్టరమ్మగారితోనో, నమ్మకమైన స్నేహితురాలితోనో చెప్పుకోండి.

సంఘం పని గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. తల్లిదండ్రులకు చెందాల్సిన దాన్ని ‘కొర్బాను’ అని దేవుడి పేర రాసేసి, వారికి ఏమీ చేయకుండా తప్పించుకున్నవారిని యేసు గట్టిగా మందలించాడు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. మీరు అంత దూరం వెళ్లారని అనను. అయినా ఆస్పత్రిలో ముక్కూ మొహం తెలియని రోగి పక్కన గంటసేపు కూర్చోగలిగిన మీరు ఇంట్లో పావుగంట కూర్చోలేకపోతున్నారు. అక్కడ మెప్పు ఉంది, పాత లెక్కలు లేవు. కూడిక మానేయమనడం లేదు. బయటి సందర్శనల్లో ఒకటి తగ్గించుకుని, ఆ సమయంలో ముందు మీరు నిద్రపోండి. నిద్ర చాలని మనిషికి ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

మీవారు అన్న మాటలో నిజం ఉంది. కానీ ఆ మాట అనడానికి ఆయనకున్న హక్కు ఆయన చేసే పనిని బట్టి ఉంటుంది. విధవరాలైన తల్లి బాధ్యత మొదట ఆమె పిల్లలది, మనుమలది అని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. యేసు చెప్పిన కథలోని మంచి సమరయుడిని చూడండి. దొంగలు కొట్టి దారిలో పడేసిన పరాయి మనిషి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, సత్రానికి చేర్చాడు, మర్నాడు రెండు దేనారాలు సత్రం యజమాని చేతిలో పెట్టి, ఖర్చు ఎక్కువైతే తిరిగి వచ్చి తీరుస్తానని చెప్పి తన దారిన వెళ్లాడు. ఇంకొకరి చేతికి అప్పగించినంత మాత్రాన అతడి ప్రేమ తక్కువని ఎవరూ అనలేదు.

ఈ జవాబు మీవారికి చదవమని ఇవ్వండి. రాత్రి మందులు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, తల్లి పక్కన కాసేపు కూర్చోవడం: వీటిలో తన వంతు ఏమిటో ఆయన ఈ వారమే తేల్చాలి. ఆయనకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వారితో మాట్లాడాల్సింది కూడా ఆయనే, మీరు కాదు.