వినే భాష వేరు, చదివే భాష వేరు

పాపా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, సరిగా మాట్లాడలేకపోయాను. చిత్తూరు బ్రాంచిలో నిన్ను హౌసింగ్ లోన్ల టేబుల్‌కి మార్చారన్నావు. "అత్తా, వచ్చేవాళ్లలో సగం మందికి తెలుగు అంతంత మాత్రమే. వాళ్ల హక్కులన్నీ వాళ్లకు తెలిసే భాషలో చెప్పాలట. ఎట్లా చెప్పేది?" అని అడిగావు. ఆ టేబుల్ దగ్గర నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు గనక తీరిగ్గా రాస్తున్నా.

ముందు నీ దగ్గరికి వచ్చేదెవరో చూసుకో. నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చే చాలామంది ఇళ్లల్లో తమిళం. కుప్పం వైపు తమిళం, కన్నడం రెండూ. పలమనేరు, పుంగనూరు వాళ్లలో ఉర్దూ ఇళ్లు, కన్నడ ఇళ్లు ఎన్నో. 1911లో జిల్లా ఏర్పడకముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోదే కదా. 1960లో తిరుత్తణి తమిళనాడు వైపు పోయింది, అత్తారిల్లు ఒకవైపు, పుట్టిల్లు ఒకవైపు అయిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి "మన రాష్ట్రం, మన భాష, అందరికీ అర్థమవుతుంది" అని మీ మేనేజరు అంటే తల ఊపి నీ పని నువ్వు చేసుకో.

అలాగని వెంటనే తమిళంలో కరపత్రం వేయించకు. నేను చేసిన తప్పు అదే. మా బ్రాంచిలో ఒక క్లర్కు తమిళం చక్కగా రాసేవాడు. అతని చేత అంతా రాయించి, జిరాక్స్ తీయించి, మొదటి కాపీ ఒకావిడ చేతిలో పెట్టాను. ఆమె రెండువైపులా తిప్పి చూసి, మడిచి పర్సులో పెట్టుకుని, మెల్లిగా అంది: "మేడం, మేము ఇంట్లో మాట్లాడేది అరవమే గానీ, నేను చదివింది తెలుగు బడి. తెలుగు కాగితం ఉంటే ఇవ్వండి." మన దగ్గర ఇలాంటివాళ్లే ఎక్కువ. ఉర్దూ ఇళ్లల్లోనూ అంతే, మాట ఉర్దూ, అక్షరం తెలుగు. కాగితం మడిచి పెట్టుకున్న ఆవిడకు నేను తెలుగులో చెప్పి, తమిళంలో కాగితం ఇచ్చాను. సరిగ్గా తలకిందులు చేశానన్నమాట.

అందుకే మనిషి కుర్చీలో కూర్చోగానే రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగు. ఇంట్లో ఏం మాట్లాడతారు? కాగితం ఏ భాషలో ఉంటే చదువుకుంటారు? జవాబులు ఫైలు అట్ట మీద పెన్సిల్‌తో రాసిపెట్టు: "వినడం తమిళం, చదవడం తెలుగు" అని. నువ్వు సెలవు పెట్టిన రోజు ఆ సీట్లో కూర్చునే వాళ్లకు కూడా అది పనికొస్తుంది. చదవడమే రాదంటే అది కూడా రాయి, సిగ్గుపడేలా అడక్కుండా.

ఇక కేఎఫ్‌ఎస్, అంటే అప్పు ముఖ్య వివరాల పత్రం సంగతి. నేను సీట్లో ఉన్నప్పుడు అది లేదు, నీ అదృష్టం. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులన్నిటికీ ఈ పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. బ్యాంకైనా, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయినా అంతే. అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో అది ఉండాలి, దాన్ని విడమరిచి చెప్పాలి, అర్థమైందని వాళ్ల దగ్గర రాయించుకోవాలి. మీ సిస్టం మామూలుగా ఇంగ్లీషులోనే ప్రింటు ఇస్తుంది, నాకు తెలుసు. ఇంకో భాష ప్రింటు రాకపోతే పైఆఫీసుకు మెయిల్ పెట్టు. "ఇప్పటికి సంతకం పెట్టండి, తెలుగుది తర్వాత ఇస్తాం" అనే మాట మాత్రం నీ నోట రానివ్వకు.

ఆ కాగితంలో అందరూ నెల కంతు చూసి వదిలేస్తారు. నువ్వు వేలు పెట్టి చూపించాల్సింది ఏడాది మొత్తం ఖర్చు శాతం, అదే ఏపీఆర్. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్ ఖర్చు, ఇన్సూరెన్సు అన్నీ అందులోకి వస్తాయి. "వడ్డీ ఎనిమిదిన్నరే" అని ఏజెంటు చెప్పి తీసుకొచ్చిన మనిషికి అసలు అంకె అక్కడ కనిపిస్తుంది. ఆ పత్రంలో లేని ఛార్జీ ఏదీ తర్వాత వాళ్ల ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు. ఈ ఒక్క మాట వాళ్ల భాషలో చెప్పి చూడు, అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

ఇంకోటి, ఆ పత్రం ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుంటుంది. ఆ లోపు వాళ్లు ఒప్పుకుంటే అందులో రాసిన షరతులకు బ్యాంకు కట్టుబడాలి. నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది ఇదే. ఇంటికి తీసుకుపోయి పదో తరగతి చదివే కొడుకుతో చదివించుకుంటారు, బావమరిదికి ఫోన్ చేస్తారు. నెలాఖరు టార్గెట్ కోసం "ఇవాళే సంతకం చేయించెయ్" అని మీ వాళ్లు టెన్షన్ పెడతారు. ఇంటికి తీసుకెళ్లమని నువ్వే చెప్పు.

మాటల దగ్గర జాగ్రత్త. వడ్డీని తమిళంలో వట్టి అంటారు, కన్నడంలో బడ్డి, ఉర్దూలో సూద్. మనకు వట్టి అంటే ఖాళీ, ఉత్తది. ఒక తమిళాయన "వట్టి ఎంత?" అని అడిగితే మా కొత్త కుర్రాడు "వట్టిదేం కాదండీ, నిజంగానే ఇస్తాం" అన్నాడు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆయన లేచి వెళ్లిపోబోయాడు. తాకట్టు అంటే మన పల్లెల్లో కొందరికి కుదువ అంటేనే తెలుస్తుంది. తమిళానికి, కన్నడానికి అడమానం, ఉర్దూకి గిరవీ. జామీను అనే మాట తమిళం వాళ్ల ముందు వాడకు. వాళ్లకది కోర్టు బెయిలు. హామీ సంతకం పెట్టడానికొచ్చిన మనిషి "నేనేం నేరం చేశాను?" అని కంగారుపడటం నా కళ్లతో చూశాను. ఫ్లోటింగ్ రేటుకు పుస్తకాల్లో చర వడ్డీ అని ఉంటుంది, దాన్ని అక్కడే వదిలెయ్. మారే వడ్డీ అను, చాలు.

ఆ మారే వడ్డీ గురించి ఒక సంగతి చెప్పాలి. నగరి దగ్గర మరమగ్గాలు నడిపే ఆయన ఒకరు 2004లో నా దగ్గర అప్పు తీసుకున్నాడు. పదిహేనేళ్ల గడువు. ఇంట్లో తమిళం, తెలుగు సంతలో బేరానికి సరిపడా. నేను తెలుగులో గబగబా "ఇది ఫ్లోటింగ్, రేటు మారుతుంటుంది, సరేనా?" అన్నాను. "సరిమ్మా" అన్నాడు. ఆయనకు తెలిసిన భాషలో వివరించినట్టు ఉన్న రబ్బరు స్టాంపు కింద నా సంతకం పెట్టాను. 2019లో ఒక రోజు పళ్లెంలో అరటిపండ్లు, తమలపాకులు పెట్టుకుని, చంకలో చుట్టిన క్యాలెండర్లతో వచ్చాడు. పదిహేను క్యాలెండర్లు. ప్రతి నెలా కంతు కట్టిన తేదీ మీద బాల్‌పెన్ గీత. "ముగిసిందమ్మా, దస్తావేజులిస్తే దేవుడి దగ్గర పెట్టుకుంటాం" అన్నాడు. కంప్యూటర్లో చూస్తే ఇంకా మూడేళ్లకు పైగా ఉంది.

లెక్క నీకు తెలుసు, అయినా రాస్తాను, ఎందుకంటే కస్టమరుకు నువ్వు ఇలాగే కాగితం మీద వేసి చూపించాలి. ఐదు లక్షలు, 8 శాతం, పదిహేనేళ్లు అంటే నెలకు సుమారు 4,780 రూపాయలు. మూడేళ్లయ్యాక వడ్డీ పదిన్నరకు పెరిగి, కంతు మాత్రం పెంచకపోతే, మిగలాల్సిన 144 నెలలు కాస్తా 190 అవుతాయి. దాదాపు నాలుగేళ్లు ఎక్కువ. కంతు మారలేదు గనక మనిషికి ఏమీ మారలేదనే అనిపిస్తుంది. మా బ్రాంచి ఆయనకు ఉత్తరాలు పంపలేదా అంటే పంపింది, ఇంగ్లీషులో. ఆయన వాటిని కవర్లు చింపకుండా భద్రంగా దాచుకున్నాడు. ఆ రోజు ఒక్క మాట అనలేదు. పళ్లెం నా టేబుల్ మీదే పెట్టి, క్యాలెండర్లు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

2023 ఆగస్టులో వచ్చిన రూల్సు ప్రకారం ఇప్పుడైతే వడ్డీ పెరిగి కంతు గానీ గడువు గానీ మారితే వెంటనే చెప్పాలి. కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది అప్పు తీసుకున్నవాళ్లు ఎంచుకోవచ్చు. చేతిలో డబ్బుంటే కొంత ముందే కట్టేయొచ్చు. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చేసినా దానికి అపరాధ రుసుము ఉండదని కూడా చెప్పు. ఇది చాలామందికి తెలీదు, చిట్టీ పాడుకున్న డబ్బు ఇంట్లో పెట్టుకుని కూర్చుంటారు.

"అర్థమైందా?" అని మాత్రం అడగకు. మన వైపు ఆ ప్రశ్నకు మర్యాద కోసమైనా అయిందనే అంటారు. "రేపు మీ పక్కింటావిడ ఈ అప్పు సంగతి అడిగితే ఏం చెప్తారు, నాకు చెప్పండి చూద్దాం" అను. తమిళంలో చెప్పనీ, ఉర్దూలో చెప్పనీ. నీకు ఆ భాష రాకపోతే వచ్చిన స్టాఫును పక్కన కూర్చోబెట్టుకో. ఏ ముక్క దగ్గర తడబడతారో అది మళ్లీ చెప్పు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనీ.

ఏజెంటు చేత మాత్రం తర్జుమా చేయించకు. ఒకసారి నేను జప్తు సంగతి రెండు నిమిషాలు వివరంగా చెబితే, పక్కనున్న ఏజెంటు దాన్ని ఒక పెద్దాయనకు ఇలా తమిళంలోకి మార్చాడు: "ఎల్లాం సరి, కైయెళుత్తు పోడుంగ." అంతా బాగుంది, సంతకం పెట్టండి అని! నాకు ఆ మాత్రం తమిళం వచ్చని అతనికి తెలీదు పాపం. చిన్నపిల్లల చేత కూడా వద్దు. నాన్న బాధపడతాడని వాళ్లు కష్టమైన మాట మింగేస్తారు.

భార్య సంగతి మరిచిపోకు. ఆమె కూడా అప్పు తీసుకున్న మనిషే, కానీ చివరి రోజు సంతకానికి మాత్రమే తీసుకొస్తారు. పలమనేరు నుంచి ఒకామె వచ్చింది, ఉర్దూ తప్ప ఇంకేదీ ధైర్యంగా మాట్లాడదు. భర్త "ఆమెకెందుకు మేడం" అంటున్నాడు. మా అటెండరు చేత ఉర్దూలో చెప్పిస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇన్సూరెన్సు ఇక్కడే తీసుకోవాలా?" మొత్తం ఫైల్లో అడగాల్సిన ప్రశ్న అదే. ఫలానా కంపెనీదే తీసుకోవాలని బలవంతం చేయకూడదు. ఆ సంగతి భర్తకు తట్టనే లేదు.

మిగతావి నీకు సర్క్యులర్లలో దొరుకుతాయి, చెప్పడం మరవకుంటే చాలు. అప్లికేషన్ తీసుకున్నట్టు రసీదు ఇవ్వాలి. అప్పు ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, "సిబిల్ స్కోరు రాలేదు" అని నోటి మాటతో పంపేయకూడదు. పాత అప్పులు ఎలా కట్టారో చూపే క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. అగ్రిమెంటు కాపీ జతపత్రాలతో సహా వాళ్ల చేతికి ఇవ్వాలి. కంతు ఆలస్యమైతే జరిమానా వేస్తారు గానీ దాన్ని అసలులో కలిపి వడ్డీ లాగకూడదు. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి. తప్పు బ్యాంకుదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు బ్యాంకే కట్టాలి. ఈ చివరిది వింటే అందరూ నవ్వుతారు, నమ్మరు. సాంక్షన్ లెటర్లో ఆ గడువు రాసి ఉంటుంది, తీసి చూపించు.

కట్టలేకపోతే ఏమవుతుందో కూడా మొదటి రోజే చెప్పు. శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే ఇదెందుకు అంటారు, అయినా చెప్పు. 90 రోజులకు మించి బాకీ పడితే మొండి బాకీ అవుతుంది. తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. దానికి అభ్యంతరం రాసిచ్చే హక్కు ఉంది, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. నాకు ఎప్పుడూ గుచ్చుకునేది ఒకటుంది. ఇల్లు స్వాధీనం చేసుకున్న ప్రకటన రెండు పేపర్లలో వేయాలి, ఒకటి స్థానిక భాషలో ఉండి తీరాలని ఆ రూల్సు 2002లోనే చెప్పాయి. అప్పు కాగితం మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని గట్టిగా చెప్పడానికి 2024 దాకా పట్టింది.

ఫిర్యాదు సంగతి చెప్పడానికి మొహమాటపడకు, మన మీదే అయినా సరే. ముందు బ్రాంచికి రాసివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. 14448కి ఫోన్ చేస్తే తెలుగు, తమిళం, కన్నడంలోనూ మాట్లాడతారు. ఉత్తరం రాసి పంపినా ఏ భాషలోనైనా తీసుకుంటారు. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి, కస్టమరుకు కనిపించేలా నీ టేబుల్ అద్దం కింద పెట్టు. నేను అలాగే పెడితే మా మేనేజరు రెండుసార్లు తీసేశాడు, మూడోసారి ఊరుకున్నాడు.

వచ్చే ఆదివారం తిరుపతి వస్తానన్నావు కదా. నువ్వు రాసుకున్న కాగితాలన్నీ పట్టుకురా. తమిళంది మా వీధిలో పూలమ్మే ఆవిడకు చదివి వినిపిద్దాం. ఆమె ఎక్కడ "ఏంటమ్మా అది?" అంటుందో అక్కడ కొట్టేసి మళ్లీ రాద్దువుగానీ. ఉర్దూది మాత్రం నాకు చూపించి లాభం లేదు, నాకు సూద్, గిరవీ దాటి రాదు. అది మీ బ్రాంచి దగ్గర టీ అంగడి సాయిబు దగ్గర సరిచూసుకునే రా.

మీ అత్త