మేనేజర్‌కి ముందే చెప్పానంటున్నారు, రుజువేదీ?

ప్రశ్న: మాది విజయవాడ. ఇన్‌స్టాగ్రామ్‌లో వంటల రీల్స్ చేస్తాను. ఎనిమిది నెలలుగా ఒకతను మెసేజ్‌లతో వేధిస్తున్నాడు. వద్దని చెప్పి బ్లాక్ చేస్తే కొత్త అకౌంట్‌తో వస్తాడు. మూడు వారాల క్రితం గుంటూరులో ఒక బట్టల షోరూమ్ ఓపెనింగ్‌కి డబ్బిచ్చి పిలిచారు. అతని గురించి ఈవెంట్ మేనేజర్‌కి ముందే ఫోన్‌లో చెప్పాను. 'బౌన్సర్లు ఉంటారు మేడమ్, టెన్షన్ పడకండి' అన్నాడు. తీరా సెల్ఫీల లైన్లో అతనే వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగాడు. బౌన్సర్ నవ్వుతూ నిలబడ్డాడు. చూడలేక మెసేజ్‌లన్నీ డిలీట్ చేశాను. అక్కకి పంపిన రెండు స్క్రీన్‌షాట్లే మిగిలాయి. నిర్వాహకుల మీద కేసు వేయొచ్చా? అతని ఫొటో పేజీలో పెట్టమని ఫాలోయర్లు అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే: 'ఫోన్‌లో చెప్పాను'. ముక్కూ మొహం తెలియనివాడు గుంపులోంచి మీద పడితే, మాకేం తెలుసని నిర్వాహకులు తప్పుకోవచ్చు. ఫలానా మనిషితో ప్రమాదమని ముందే తెలిసీ గేటు దగ్గర ఆపకపోతే అది నిర్లక్ష్యం. 2016లో అమెరికాలోని ఓర్లాండోలో యూట్యూబ్ గాయని క్రిస్టినా గ్రిమ్మీని కచేరీ అయ్యాక, అభిమానులను కలుస్తుండగా ఒకడు కాల్చి చంపాడు. లోపలికి వచ్చేవాళ్ల సంచులు చూశారు గానీ మెటల్ డిటెక్టర్లు పెట్టలేదు. ఆమె కుటుంబం నిర్వాహకుల మీదే దావా వేసింది. మీ దగ్గరైతే ముందస్తు హెచ్చరిక కూడా ఉంది. కానీ అది గాల్లో ఉంది. కాల్ లిస్టు మీరు ఫోన్ చేశారనే చెబుతుంది, ఏం మాట్లాడారో చెప్పదు.

రీల్‌కి నాలుగు టేకులు తీసే ఓపిక ఉంది, ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టే తీరిక లేకపోయిందా అమ్మా? పైగా ఉన్న మెసేజ్‌లూ చెరిపేశారు.

సరే, ఇప్పుడైనా మేనేజర్‌కి రాయండి: 'ఫలానా తేదీన ఫోన్ చేసి అతని గురించి చెప్పాను కదా, లైన్లోకి ఎలా రానిచ్చారు?' అతను 'సారీ మేడమ్, బౌన్సర్లకి చెప్పడం మర్చిపోయా' అని బదులిస్తే మీ కేసు సగం నిలబడినట్టే. అక్క ఫోన్ మార్చనివ్వకండి. ఆ స్క్రీన్‌షాట్లు కోర్టుకెక్కాలంటే సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్ కింద అవి ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి. వాటిలో 'నాకు మెసేజ్ పెట్టొద్దు' అని మీరన్న మాట ఉందేమో చూడండి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడటమే నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌కి (స్టాకింగ్) ప్రాణం. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు. చెయ్యి పట్టి లాగినందుకు 74వ సెక్షన్ (మహిళ గౌరవానికి భంగం కలిగించేలా బలప్రయోగం) కూడా పెట్టమని ఫిర్యాదులోనే అడగండి. ఘటన గుంటూరులో జరిగినా, విజయవాడలో ఇస్తే జీరో ఎఫ్‌ఐఆర్‌గా, అంటే తమ పరిధి కాదనకుండా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్‌గా, తీసుకోవాలి.

ఫొటో మాత్రం పెట్టకండి. మీవాళ్లు ఎవరైనా వెళ్లి అతన్ని కొడితే మీరూ స్టేషన్ మెట్లెక్కాలి. రేపు బౌన్సర్ కోర్టులో 'వీడే' అని చూపిస్తే, 'పేజీలో ఫొటో చూసి గుర్తుపట్టాడు' అని ఎదుటి లాయరు అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకి మీ సాక్షి పోతాడు.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్లమని ఎవరైనా అంటే వినకండి. డబ్బు తీసుకున్నది మీరు, అక్కడ మీరు వినియోగదారు కారు. పరిహారానికి లీగల్ నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేయాలి. దానికి మూడేళ్ల గడువుంది. సీసీ కెమెరా రికార్డింగ్‌కి అంత గడువు లేదు. చాలా చోట్ల నెల తిరిగేలోపే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. మీకు మూడు వారాలు అయిపోయాయి. ఆ రోజు రికార్డింగ్ చెరపొద్దని షోరూమ్‌కీ, ఈవెంట్ వాళ్లకీ ఇవాళే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోండి. మీకు రావాల్సిన డబ్బేదైనా ఇస్తూ 'ఇక ఏ క్లెయిమూ లేదు' అనే కాగితం ముందు పెడితే సంతకం చేయకండి.